రెక్క కింద పైలం

అలేఖ్య మా క్లాసులో అడుగుపెట్టిన రోజే లింగస్వామితో గొడవపడింది. కారణం పెద్దదేమీ కాదు. "నువ్వు" అన్న ఒక్క మాట.

"జర జరుగు నువ్వు, బోర్డు కనబడ్తలేదు," అన్నాడు లింగస్వామి వెనక బెంచీ నుంచి.

ఆమె మెల్లగా వెనక్కి తిరిగింది. ఆ చూపు ఉంది చూశారూ, ఏరోనాటికల్ మూడో సంవత్సరం మొత్తానికి ఫ్యాన్ కింద చెమటలు పట్టాయి.

"మనకి పరిచయం ఉందాండీ?"

"లేదు."

"మరి నువ్వు అంటారేంటి?"

"మా నాయననే నువ్వంట. నీకోసం మీరు అనేది యాడికెళ్లి తేవాలె?"

"తెచ్చుకోండి. దిల్‌సుఖ్‌నగర్‌లో దొరకనిది లేదంటారుగా."

క్లాసంతా గొల్లుమంది. ఆ పీరియడ్ అంతా లింగస్వామి బోర్డు చూడలేదు, ఆమె జడ చూస్తూ కూర్చున్నాడు. నేను పక్క బెంచీలో ఉన్నాను కాబట్టి నాకు తెలుసు.

నా పేరు సంతోషి. ముందే చెప్పేస్తున్నా, ఈ ప్రేమకథలో హీరోయిన్ని నేను కాను. నా ఖర్మకు నేను దుబాసీని. గడ్డిఅన్నారంలో పుట్టి పెరిగాను. కింది వాటాలో నల్గొండ నుంచి వచ్చినవాళ్లు, పై వాటాలో తణుకు నుంచి వచ్చినవాళ్లు, మధ్యలో మేము. అందుకే నాకు రెండు తెలుగులూ వచ్చు. లింగస్వామికి మొదటిది మాత్రమే వచ్చు, అలేఖ్యకు రెండోది మాత్రమే. ఆమె నాన్న బాపిరాజు గారు దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పడానికి ఆ ఏడే భీమవరం నుంచి వచ్చారు. కొత్తపేటలో ఇల్లు తీసుకున్నారు. అది రెండు వేల పదకొండు.

మా ప్రాజెక్టు మేడమ్‌కి ఏం తోచిందో, మా ముగ్గురినీ కలిపి ఒక టీమ్ చేసేసింది.

టీమ్ దేనికంటే, విమానాల పోటీకి. నాదర్‌గుల్‌లో ఒక ఫ్లయింగ్ స్కూల్ వాళ్లు పెట్టారు. మనం ఒక చిన్న విమానాన్ని డిజైన్ చేయాలి. రెక్క పొడుగెంత, బరువెంత, తోక ఎక్కడ, అన్నీ లెక్కలు కట్టి ఫైల్ పంపాలి. వాళ్లు ఆ అంకెలను సిమ్యులేటర్‌లో ఎక్కిస్తారు. అప్పుడు అసలు పైలట్ ఒకాయన కూర్చుని మన విమానాన్ని తెర మీద నడిపి మార్కులు వేస్తాడు. లెక్క తప్పితే విమానం తెర మీదే కూలుతుంది. దెబ్బ తగిలేది మన పరువుకే. గెలిచిన టీమ్‌కు అదే స్కూల్లో ఇంటర్న్‌షిప్.

ఆ ఏడాది అడిగింది పల్లెల నుంచి రోగులను తెచ్చే విమానం. పొట్టి రన్‌వే మీద దిగగలగాలి. మా విమానానికి "పాలపిట్ట" అని పేరు పెట్టాం. పేరు దగ్గర తప్ప ఇంకెక్కడా ఆ ఇద్దరికీ కుదరలేదు.

"ముక్కు బరువైంది. తోకల జర వెయిట్ పెట్టు," అన్నాడు లింగస్వామి.

అలేఖ్య కంప్యూటర్ ముందు చాలాసేపు ఆలోచించింది. "తోకలా అంటే? సన్నగా, పొడుగ్గానా?"

"తోకల!"

"అదే, తోకలా!"

"అమ్మా తల్లీ, తోకలో," అన్నాను నేను. "తోక లోపల. అతను 'లో'ని మింగేస్తాడు, నువ్వు సర్దుకుపో."

"'లో' ఏం పాపం చేసిందండీ?"

"'అండీ' ఏం పుణ్యం చేసింది?" అన్నాడు లింగస్వామి. ఆమె పెన్సిల్ విసిరింది. అతను దాన్ని పట్టుకుని జేబులో పెట్టుకున్నాడు, తిరిగి ఇవ్వలేదు.

అదిగో, అప్పుడు అర్థమైంది నాకు.

సెప్టెంబర్‌లో ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. కాలేజీకి తాళం, కోచింగ్ సెంటర్లకు తాళం, ఎప్పుడు పడితే అప్పుడు కరెంటు కోత. లింగస్వామి పొద్దున ఎల్బీనగర్ చౌరస్తాలో ధర్నాకు కూర్చునేవాడు, మధ్యాహ్నం ఇంట్లో బాల్సా అనే తేలిక కర్రతో పాలపిట్ట బొమ్మ చెక్కేవాడు. పోటీకి ఫైల్‌తో పాటు బొమ్మ కూడా తేవాలన్నారు. ఇన్వర్టర్ ఉన్న ఇల్లు అలేఖ్యది కాబట్టి కంప్యూటర్ పని ఆమెది. రిపోర్టు రాత నాది. కలుసుకునే వీల్లేక మాటలన్నీ మెసేజ్‌లలోనే. రోజుకు వంద మెసేజ్‌లు మించకూడదని అప్పుడే రూల్ కూడా వచ్చింది. ఒక విమానానికి అన్ని మెసేజ్‌లు ఎందుకో నాకైతే తెలియదు, వాళ్లిద్దరికీ మధ్యాహ్నానికే వంద అయిపోయేవి. తరువాత ఆ ఇద్దరూ నాకు ఫోన్ చేసి ఒకరి గురించి ఒకరు అడిగేవాళ్లు.

దసరా నాడు లింగస్వామి కొత్త చొక్కా వేసుకుని మా ఇంటికొచ్చాడు. "అలేఖ్య వాళ్లింటికి పోదాం, జమ్మి ఇయ్యాలె. నువ్వు గూడ రా. ఒక్కనికి భయమైతది."

తలుపు తీసింది బాపిరాజు గారే. వెనకాల అలేఖ్య, లంగా ఓణీలో. లింగస్వామి పెద్దాయనకు ముందు ఇవ్వాలన్న సంగతి మరిచిపోయాడు. ఆయన భుజం మీదుగా ఆమెను చూస్తూ చెయ్యి చాచాడు.

"ఇగో, బంగారం."

బాపిరాజు గారి ముఖం జేవురించింది. "ఏమన్నావయ్యా?"

"బంగారం, సార్."

"నా ఎదురుగానే?"

నేను అడ్డం పడ్డాను. "అంకుల్, అంకుల్! జమ్మి ఆకును ఇక్కడ బంగారం అంటారు. దసరాకి ఇచ్చిపుచ్చుకుంటాం. మీక్కూడా ఇస్తాడు."

లింగస్వామి గబగబా ఆయన చేతిలో ఆకు పెట్టి కాళ్లకు దణ్ణం పెట్టాడు. ఆయన ఆకును అటూ ఇటూ తిప్పి చూసి, "ఊఁ" అని లోపలికి వెళ్లిపోయారు.

అలేఖ్య నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. "నిజం చెప్పు. ఆకునే అన్నారా?"

"ఆకునే."

"ఓహో," అంది. ఆ "ఓహో" ఎంత దిగాలుగా ఉందంటే, నాకే పాపం అనిపించింది.

తరువాత రెండు రోజులకు బాపిరాజు గారు స్కూటర్ మీద ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే ప్రకటించారు, మనం భీమవరం వెళ్లిపోతున్నామని. కొత్తపేట చౌరస్తాలో ఉద్యమ కండువా వేసుకున్న ఒకతను ఆయన బండికి అడ్డం వచ్చి, హ్యాండిల్ పట్టుకుని, బెదిరించాడట. వెళ్తూ వెళ్తూ బండిని కాలితో తన్నాడు కూడానట.

అలేఖ్య ఏడ్చింది. అన్నం మానేసింది. చివరికి ఆయన ఒక మెట్టు దిగారు.

"సరే. పోటీలో ఫస్టు వస్తే ఉందాం. ఇంటర్న్‌షిప్ వదులుకోమని నేను అనను. రాకపోతే మాత్రం వచ్చే సెమిస్టర్ భీమవరంలోనే."

ఈ సంగతి నేను లింగస్వామికి చెప్పాను. "గెలుస్తం," అన్నాడు. "గెలవకుంటే ఎట్ల?"

పోటీకి ముందురోజు అతను కొత్తపేట రైతుబజార్ దగ్గర అలేఖ్యకు బొమ్మ విమానం అప్పజెప్పాడు. ఫైల్ కూడా ఆ సాయంత్రమే పంపాలి. ఇంటికి వెళ్లాక అతను ఆమెకు ఒక మెసేజ్ పెట్టాడు. ఆ రోజు వందో మెసేజ్ అదే. ఇంగ్లిష్ అక్షరాలతో, పొదుపుగా, మూడే మాటలు. "రెక్క కింద పైలం."

మర్నాడు బంద్. ఆటోలు కూడా లేవు. లింగస్వామి నాన్న సీతారాములు కాకకు ట్రాలీ ఆటో ఉంది, గడ్డిఅన్నారం మార్కెట్ నుంచి పండ్లు తోలేవాడు. ఆ పొద్దున సీతాఫలాల గంపలు ఎక్కించుకుని వచ్చాడు. మేం ముగ్గురం వెనక గంపల మధ్య కూర్చున్నాం. అలేఖ్య ఒళ్లో బొమ్మ విమానం, దాని మీద దుప్పటి.

"చూపియ్యి జర," అన్నాడు లింగస్వామి.

"ఊహూఁ. అక్కడికెళ్లాకే. మీకో సర్‌ప్రైజ్ ఉందండీ."

కూతుర్ని ఒంటరిగా పంపనని బాపిరాజు గారు కూడా బయల్దేరారు. డ్రైవర్ పక్కన ఇరుక్కుని, ఒళ్లో ఒక సీతాఫలాల గంప పెట్టుకుని, ఫిజిక్స్ లెక్చరర్ లాగా కాకుండా, పెళ్లికి సారె మోస్తున్న మేనమామలాగా ఉన్నారు.

ఎల్బీనగర్ చౌరస్తాలో ధర్నా చేస్తున్న కుర్రాళ్లు మా ఆటో ఆపారు. బాపిరాజు గారు బిగుసుకుపోయారు. నోరు తెరిస్తే యాస బయటపడుతుందని పెదాలు గట్టిగా మూసుకున్నారు.

"యాడికి కాకా?" అన్నాడు ఒక కుర్రాడు.

"పిల్లలు విమానం చేసిన్రు బిడ్డా. నాదర్‌గుల్ల పోటీ ఉన్నది."

"విమానమా!" వాళ్లు వెనక్కొచ్చి చూశారు. లింగస్వామిని గుర్తుపట్టారు. "అరే, మన లింగన్న! గెల్సి రావాలె అన్నా." సీతారాములు కాక వాళ్లకు తలా ఒక పండు ఇచ్చాడు. ఆ కుర్రాడు ముందుకొచ్చి బాపిరాజు గారి వైపు వంగాడు. "పైలంగ పోండ్రి సారూ."

అంతే. బాపిరాజు గారు గంపను గుండెకు హత్తుకుని కేకేశారు. "చూశారా సీతారాములు గారూ! మళ్లీ బెదిరిస్తున్నారు!"

"ఎవలు సారూ?"

"ఈ అబ్బాయే! అదే మాట! ఆ రోజు కొత్తపేటలో అతను కూడా ఇదే అన్నాడు. పైలం సారూ, పైలం, అని!"

కుర్రాడు బిక్కముఖం వేశాడు. "ఏమాయె సారూ? పైలం అంటే తప్పా?"

సీతారాములు కాక ఇంజన్ ఆపి మరీ నవ్వాడు. "పైలం అంటే జాగర్త సారూ. పైలంగ పోండ్రి అంటే, జాగర్తగ పోండ్రి అని. ముందట రోడ్డు తవ్విన్రు, గందుకే చెప్పిండు."

"జాగ్రత్తా? మరి ఆ మనిషి నా బండిని తన్నాడు కదా!"

"యాడ తన్నిండు?"

"కింద. ఎడం పక్క."

"సైడు స్టాండు తియ్యకుండనే నడిపిన్రా? గదాన్ని మీదికి తన్నిండేమో."

బాపిరాజు గారు నోరు తెరిచారు. కాసేపు అలాగే ఉంచారు. "స్టాండు," అన్నారు నెమ్మదిగా.

నేను పడీపడీ నవ్వుతున్నాను. అప్పుడు చూశాను అలేఖ్య ముఖం. సున్నం కొట్టిన గోడలా తెల్లబోయింది.

"సంతోషీ," అంది. "పైలం అంటే జాగ్రత్తా?"

"అవును."

"పైలాన్ కాదా?"

"ఏం పైలాన్?"

ఆమె దుప్పటి తీసింది. పాలపిట్ట రెక్కల కింద రెండు పక్కలా రెండు బారు కర్రముక్కలు, వాటి కింద రెండు బుడ్డ ట్యాంకులు. పిట్టకు కోడిపుంజు కాళ్లు తగిలించినట్టున్నాయి. పెద్ద విమానాలకు రెక్క కింద ఇంజన్‌నో ట్యాంకునో తగిలించే కొక్కెం లాంటిది ఉంటుంది, దాన్నే పైలాన్ అంటారు. మా విమానానికి దానితో అవసరమే లేదు.

"రెక్క కింద పైలం అన్నారుగా," అంది ఏడుపు గొంతుతో. "స్పెల్లింగ్ తప్పు రాశారనుకున్నా. చెప్పారు కదా అని కాస్త గట్టిగానే పెట్టా. ఫైల్‌లో కూడా!"

లింగస్వామి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "రెక్క కింద గమ్ ఆరలేదు, పైలం అని చెప్పిన! అయ్యో, గాలంతా వాటికే తగుల్తది. స్పీడు సగం పోతది!"

"అడుగుదామంటే మెసేజ్‌లు అయిపోయాయి. ఫోన్ చేద్దామంటే నాన్నగారు పక్కనే ఉన్నారు, సంతోషి ఫోనేమో ఎంగేజ్." కళ్ల నుంచి నీళ్లు జారిపోయాయి. "నేనే పోగొట్టానండీ. భీమవరం వెళ్లాల్సింది నేనే కదా, నేనే పోగొట్టుకున్నాను."

అతను తిట్టలేదు. ఆటో కదిలింది. సాగర్ రోడ్డు గుంతల్లో ఎగిరెగిరి పడుతుంటే, అతను దారి పొడుగునా ఆ బొమ్మను రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాడు. రెక్క కిందే పట్టుకున్నాడు.

సిమ్యులేటర్ గదిలో నిజమైన కాక్‌పిట్ సీటు, ముందు మూడు పెద్ద తెరలు. జడ్జి కెప్టెన్ త్రినాథరావు గారు, బుర్రమీసాల పెద్దాయన. బంద్ వల్ల వచ్చిన టీమ్‌లు కొన్నే. మా ముందు ఎగిరినవన్నీ నున్నటి విమానాలు, సర్రున దూసుకుపోయాయి. తంటా దిగేటప్పుడు వచ్చింది. ఆ నున్నదనానికి వేగం తగ్గక, నేలకు జానెడు ఎత్తున తేలుతూ తేలుతూ పొట్టి రన్‌వే దాటిపోయేవి. ఒకటి చెట్లలోకి వెళ్లింది. ఒకటి మాత్రం రెండోసారి ప్రయత్నిస్తే చిట్టచివర ఆగింది.

మా వంతు వచ్చింది. పాలపిట్ట లేచింది. నెమ్మదిగా లేచింది.

"ఎడ్లబండికి రెక్కలు కట్టారేంటమ్మా?" అన్నారు కెప్టెన్ గారు.

అలేఖ్య నా చెయ్యి గిల్లేస్తోంది. స్పీడు ముల్లు మేం రిపోర్టులో రాసిన అంకె దరిదాపుల్లోకి కూడా రాలేదు. లింగస్వామి తల దించుకున్నాడు.

తరువాత కెప్టెన్ గారు దిగడానికి ముక్కు వంచారు. పాలపిట్ట వంగింది. వేగం పెరగలేదు. ఆ రెండు అడ్డుకర్రలూ గాలిని పట్టుకుని వెనక్కి గుంజుతున్నాయి. ఆయన చూపించిన చోటికి, తిన్నగా, బుద్ధిగా దిగి, సగం రన్‌వే మిగిలి ఉండగానే ఆగిపోయింది. ఆయన నమ్మలేదు. గాలి పెంచి మళ్లీ దింపారు. మళ్లీ అక్కడే దిగింది.

సీటులోంచి మా వైపు తిరిగారు. "రెక్క కింద అవి ఎందుకు పెట్టారు?"

దిగేటప్పుడు వేగం తగ్గడానికే సార్ అంటే చాలు, ఎవరికీ తెలియదు. నేను అలేఖ్యను మోచేత్తో పొడిచాను కూడా.

"పొరపాటున పెట్టానండీ," అంది అలేఖ్య. "ఈయన పైలం అన్నారు. అంటే జాగ్రత్త అట. నేను పైలాన్ అనుకున్నాను."

"తప్పు నాది సార్," అన్నాడు లింగస్వామి. "ఆమెకు మన మాట కొత్త. నేనే సరిగ్గ రాయలె."

"కాదండీ, నాదే."

"నాదంటుంటే! నీది గాదు!"

కెప్టెన్ గారి మీసాలు అదిరాయి. తరువాత పొట్ట అదిరింది. గదంతా నవ్వుతుంటే, వెనక కుర్చీలో బాపిరాజు గారొక్కరే నవ్వలేదు. కూతురి వంకే చూస్తున్నారు.

ఫలితం చెప్పారు. దిగడంలో మొదటి మార్కు మాది. స్పీడులో అడుగున ఉన్నాం. మొత్తం మీద రెండో స్థానం. చిట్టచివర ఆగిన ఆ ఒక్క విమానం ఫస్టు కొట్టింది.

బయట వాన మొదలైంది. అలేఖ్య రేకుల షెడ్డు కింద నిలబడి ఏడుస్తోంది. లింగస్వామి దగ్గరికి వెళ్లాడు. నేను స్తంభం వెనక్కి జరిగాను, కానీ చెవులు ఎక్కడికి జరుపుకోను?

"ఏడ్వకు, బంగారం."

ఆమె ఏడుపు ఆగింది. తల ఎత్తి అతని చేతుల వంక చూసింది. "జమ్మి ఏదండీ?"

"లేదు."

"మరి?"

"ఆకును గాదు అన్నది." చెవుల దాకా ఎర్రబడ్డాడు. "ఆ రోజు గూడ ఆకును గాదు. నువ్వు యాడికి పోయినా నేనొస్త. భీమవరం ఏమన్న చంద్రమండలమా? బస్సులు తిరిగితె ఒక్క రాత్రి."

వాన రేకుల మీద చప్పుడు చేస్తోంది. అలేఖ్య ఓణీ అంచుతో ముఖం తుడుచుకుంది.

"ఇంకోసారి అను," అంది.

"అనండి" కాదు. అను.

నాకు వినబడింది. అతనికీ వినబడింది.

తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో బాపిరాజు గారు సీతాఫలం తింటూ గింజలు జేబులో వేసుకుంటున్నారు. కొత్తపేటలో వాళ్ల ఇంటి ముందు ఆటో ఆగింది. అలేఖ్య దిగింది. ఆయనా దిగారు. గేటు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి ఆటో కమ్మీ పట్టుకున్నారు.

"బాబూ లింగస్వామీ."

"సార్."

"ఆ పైలాన్లు తీసేయకండి. కొంచెం సన్నగా చెక్కి, ముందు భాగం గుండ్రం చేయండి. గాలి అడ్డు తగ్గుతుంది. వచ్చే ఏడాదికి స్పీడు కూడా వస్తుంది."

"ఎవలు చెయ్యాలె సార్?"

"ఎవరేంటయ్యా? మీ ముగ్గురే. మా ఇన్వర్టర్ ఎక్కడికీ పోదు."

గేటు దగ్గర అలేఖ్య రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. లింగస్వామి తల ఊపాడు. సీతారాములు కాక నవ్వుకుంటూ ఇంజన్ స్టార్ట్ చేశాడు. బాపిరాజు గారు కమ్మీ వదిలి, ఒక అడుగు వెనక్కి వేసి, ఆ కొత్త మాటను నోట్లో ఒకసారి తిప్పుకుని గట్టిగా అన్నారు.

"చీకటి పడుతోంది. పైలంగా వెళ్లండి."